రాసుకున్నట్టే చేస్తున్నా, బిల్లు మారితే ఆగిపోతున్నా!

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి నాలుగు నెలలుగా హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో ట్రైనీగా చేస్తున్నాను. సార్ చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని అలాగే చేస్తాను. బిల్లు కాస్త తేడాగా వస్తే మాత్రం చెయ్యి ఆడదు. ‘బట్టీ పడుతున్నావు, అర్థం చేసుకోవట్లేదు’ అంటారు. ఎందుకని అడిగితే ‘ముందు చెప్పింది చెయ్యమ్మా’ అంటారు. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో ఇంకో కోర్సు చేయాలా? సీఏ ఇంటర్‌లో చేరనా? టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ సార్ అన్న రెండు మాటలకూ పొంతన లేదమ్మా. కారణం చెప్పకుండా అర్థం చేసుకోమంటే ఎలా? అది ఆయన తప్పే. అయితే ప్రతి నెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) నెత్తిమీద ఉండే ఆఫీసులో ఆయనకు ఊపిరి సలపదన్నదీ నిజమే. న్యాయం కాకపోయినా, దారి మీరే వెతుక్కోవాలి.

ముందుగా ఆ నోట్‌బుక్‌ని తీసిపారేయకండి. ఎక్కాలు రాకుండా లెక్కలు ఎవరికొచ్చాయి? తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ 37, జీఎస్‌టీ నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాతి పదీ పాన్ నంబరు. ఇలాంటివి బట్టీ పట్టాల్సిందే, కూర్చుని ఆలోచిస్తే తట్టేవి కావు. చిక్కల్లా, బుర్ర పెట్టాల్సిన చోట కూడా నోట్‌బుక్కే తెరవడంతో వస్తుంది.

ఒక బిల్లు చూద్దాం. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగి విజయవాడ వెళ్లి రెండు రోజులు హోటల్లో ఉన్నాడు. బిల్లు కంపెనీ పేరు మీదే వచ్చింది, అందులో సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) వేశారు. మీ నోట్‌బుక్‌లో ‘ఒకే రాష్ట్రమైతే ఈ రెండూ, వేరే రాష్ట్రమైతే ఐజీఎస్‌టీ’ అని ఉండి ఉంటుంది. ఆ లెక్కన బిల్లే తప్పనిపిస్తుంది. లేదా రెండూ ఉన్నాయి కదా అని లోకల్ కొనుగోలులా ఎక్కించి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసేసుకుంటాం. నేను అకౌంట్స్‌లో ఉన్న రోజుల్లో మా ట్రైనీ ఒకతను ఈ రెండోదే చేశాడు. వెనకటికి పాత ప్రతిలో ఈగ అతుక్కుని ఉంటే, నకలు రాసేవాడు కూడా ఓ ఈగను చంపి అక్కడే అతికించాడట. మక్కీకి మక్కీ (మక్కీ అంటే హిందీలో ఈగ) అనేది అందుకే. మావాడూ అంతే, కాకపోతే అతనికి ఆ ఈగను చూపించింది నేనే.

నిజానికి బిల్లు సరైనదే. గది విజయవాడలో ఉంది, దాన్ని ఎవరూ హైదరాబాద్ మోసుకురాలేరు. అందుకే బస చేసిన ఆస్తి ఎక్కడుంటే సేవ అక్కడే అందినట్టు. హోటలూ అక్కడే, సేవా అక్కడే కాబట్టి ఆంధ్రప్రదేశ్ పన్ను పడింది. తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీకి అందులో పైసా క్రెడిట్ రాదు, ఖర్చులో కలుపుకోవాలి. ‘ఈ సేవ ఎక్కడ అందింది?’ అన్న ఒక్క ప్రశ్న మీ నోట్‌బుక్‌లో ఉంటే సరిపోయేది. రేట్లూ అంతే. 2025 సెప్టెంబర్ 22న ఏసీలు 28 నుంచి 18 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కి దిగాయి. చార్టు మార్చుకోవడం నిమిషం పని. సరుకు ముందు వెళ్లి, బిల్లు, డబ్బు ఆ తేదీ తర్వాత వస్తే ఏ రేటు? చార్టులో ఆ జవాబు ఉండదు. (కొత్త రేటే. సరుకు, బిల్లు, డబ్బు, ఈ మూడింటిలో రెండు ఆ తేదీకి ఎటువైపు ఉంటే అటు.)

కాబట్టి రేపటి నుంచి ఎడమ పేజీలో స్టెప్పులు, కుడి పేజీలో ‘ఎందుకు’ రాయండి. అన్నిటికీ అక్కర్లేదు, రోజుకు ఒక్క బిల్లు చాలు. ఎంట్రీ కొట్టే ముందే ఏ లెడ్జర్‌లో ఎంత పడుతుందో పెన్సిల్‌తో వేసుకోండి. తేడా వచ్చిన చోటే మీకు అర్థం కానిది ఉన్నట్టు. సార్‌ని ‘ఎందుకు సార్?’ అనకండి, అది ఆయనకు అరగంట పని. ‘గది విజయవాడలో ఉంది కాబట్టి క్రెడిట్ రాదనుకుంటున్నా, కరెక్టేనా సార్?’ అనండి. అవునో కాదో చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. అదీ 20 దాటాక అడగండి.

అమీర్‌పేట కోర్సు వద్దు. అక్కడ ఇంకో నోట్‌బుక్ నిండుతుంది, అంతే. అసలైన బిల్లులు మీ టేబుల్ మీదే ఉన్నాయి. సీఏ సంగతి వేరు. బీకాంలో 55 శాతం ఉంటే ఫౌండేషన్ (సీఏలో మొదటి పరీక్ష) రాయకుండా నేరుగా ఇంటర్‌లో చేరవచ్చు, తర్వాత రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర శిక్షణ) ఉంటుంది. ఆ చదువు మీద ఇష్టం ఉంటే చేరండి. ఈ ఆఫీసు నుంచి తప్పించుకోవడానికైతే వద్దు, పన్నుల పేపర్లో ఇదే హోటల్ బిల్లు మళ్లీ ఎదురవుతుంది.

ఇంకో ఆరు నెలలు ఇక్కడే చూడండి. అప్పటికీ అవును, కాదు అన్న మాట కూడా ఆయన నోట రాకపోతే వేరే ఆఫీసు వెతుక్కోండి. ఈసారి ఇంటర్వ్యూలో జీతంతో పాటు, మీ ఎంట్రీలు ఎవరు చూస్తారో కూడా అడగండి.