కిటికీ తెరిచే సిస్టర్, మూసే సిస్టర్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాన్వెంట్ లోపలి జీవితం గురించే. ప్రపంచం మొత్తం మీద మాలాంటి సిస్టర్లు దాదాపు 6 లక్షల మంది ఉన్నా, గేటు లోపల మేం ఎలా బతుకుతామో చాలామందికి తెలియదు. నేను మఠంలో చేరి 30 ఏళ్లు దాటింది, తెలిసినంతవరకు చెబుతాను.

ప్రశ్న: సిస్టర్ గారూ, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా మీరు అసలేం చేస్తారు? రోజంతా ప్రార్థనేనా? విసుగు రాదా? (డిగ్రీ చదువుతున్న పాఠకురాలు)

రోజంతా ప్రార్థన కాదు తల్లీ. కానీ ముందు ప్రార్థన వేళలు ఖాయమవుతాయి, మిగతా పనులన్నీ వాటి మధ్యలో సర్దుకోవాలి. తెల్లవారకముందే గంట మోగుతుంది. చాపెల్‌లోకి వెళ్లి అరగంటో గంటో ఎవరికి వాళ్లం మౌనంగా ధ్యానం చేసుకుంటాం, తర్వాత అందరం కలిసి ఉదయ ప్రార్థన, దివ్యబలిపూజ. ఆపైన బడికి వెళ్లేవాళ్లు బడికి, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఆసుపత్రికి, వంటా బట్టలూ లెక్కలూ చూసేవాళ్లు ఇంట్లోనే. మధ్యాహ్నం ఓ చిన్న ప్రార్థన. సాయంత్రం సత్ప్రసాద ఆరాధన, జపమాల, సాయంకాల ప్రార్థన, భోజనం, తర్వాత కాసేపు అందరం కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం, దీన్ని రిక్రియేషన్ అంటాం, ఆ నవ్వులు ఒక్కోసారి గేటు బయటికి కూడా వినిపిస్తాయి. ఆఖరికి రాత్రి ప్రార్థన. అక్కడి నుంచి తెల్లారేదాకా మౌనం.

గంట మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి లేవాలి. నోవిషియేట్‌లో, అంటే కొత్తగా చేరినవాళ్ల శిక్షణ కాలంలో, మాకు చెప్పేవారు, రాస్తున్న అక్షరానికి ఇంకా గుడి పెట్టాల్సి ఉన్నా సరే కలం కింద పెట్టమని. మొదట్లో ఇది నాకు చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే నేను మొదలుపెట్టింది పూర్తి చేస్తేగానీ లేవని మనిషిని. పని నాది కాదు, నాకు అప్పగించింది అని ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది.

విసుగు గురించి అడిగావు. వస్తుంది. మేం చదివే గడియల ప్రార్థనలో, అంటే రోజులో వేళకొకటిగా చెప్పే ప్రార్థనల్లో, ఎక్కువ భాగం బైబిలు కీర్తనలే. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు మఠవాసుల కోసం రాసిన నియమావళిలో 150 కీర్తనలూ వారంలో పూర్తవ్వాలన్నాడు, ఇప్పటి పుస్తకంలో దాదాపు అన్నింటినీ నాలుగు వారాలకు సర్దారు. అంటే నాకు మనసు బాగున్న రోజున ఏడుపు కీర్తన వస్తుంది, ఏడుపు వస్తున్న రోజున స్తుతి కీర్తన వస్తుంది. అప్పుడు ఈ పూట ఎవరి తరఫున చదువుతున్నానా అని ఆలోచిస్తాను. ఆసుపత్రి వరండాలో పొద్దున చూసిన ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఇక విసుగు ఉండదు.

ఇదంతా మాలాంటి సేవా సభల, అంటే బయటికి వెళ్లి పనిచేసే సిస్టర్ల సంఘాల సంగతి. ఆవరణ జీవితం ఎంచుకున్న కార్మెలైట్లు, పూర్ క్లేర్ల లాంటి వాళ్లు మఠం దాటరు, ప్రార్థనే వాళ్ల పని. ఒకప్పుడు అందరికీ అదే నియమం. 1298లో 8వ బోనిఫేసు పోపుగారు సన్యాసినులందరూ ఆవరణలోనే ఉండాలని శాసించారు, ట్రెంటు మహాసభ 1563లో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. రోగుల ఇళ్లకు వెళ్లాలనుకున్న స్త్రీలు దాంతో నానా తంటాలు పడ్డారు. 1633లో పారిస్‌లో విన్సెంట్ ది పాల్, లూయిజ్ ది మరియాక్ తమ సిస్టర్లను వీధుల్లోకి పంపగలిగారంటే, వీళ్లు మఠకన్యలు కారు అని చెప్పుకునే పంపారు. ఆ సిస్టర్లు ఇప్పటికీ ఏటేటా మాటపట్టు (దేవుడికిచ్చే ప్రమాణం) కొత్తగా చేసుకుంటారు. మాలాంటి సేవా సభలను శ్రీసభ (కతోలిక చర్చి) నిజమైన సన్యాస సభలుగా గుర్తించింది 1900లో, 13వ లియో పోపుగారి కాలంలో. ఈరోజు నేను మందుల సంచి పట్టుకుని గేటు దాటుతున్నానంటే వెనక అంత కథ ఉంది.

ప్రశ్న: సిస్టర్, నేను నోవిస్‌ని, వచ్చి ఏడు నెలలు. భోజనం దగ్గర నా పక్కన కూర్చునే సిస్టర్ అంటే నాకు పడటం లేదు. ఆమె గొంతు, నడక, ప్లేటు మీద చెంచా చప్పుడు, అన్నీ చిరాకే. ప్రార్థనలో కూడా అదే తలపుకొస్తోంది. నాకు అసలు దైవపిలుపు లేదేమోనని టెన్షన్‌గా ఉంది.

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట విను. చెంచా చప్పుడుకి చిరాకు పడినంత మాత్రాన పిలుపు లేకుండా పోదు. ఇంట్లో అయితే మన వాళ్లను మనం ఎంచుకోకపోయినా రక్తసంబంధం ఉంటుంది, స్నేహితులైతే మనమే ఎంచుకుంటాం. కాన్వెంట్‌లో ఈ రెండూ లేవు. వేరే ఊరు, వేరే భాష, వేరే వయసు, ఒకరికి ఫ్యాన్ కావాలి, ఒకరికి వద్దు, అలాంటి పదిమందిని ఒక కప్పు కింద పెట్టి జీవితాంతం ప్రేమించుకోమంటారు. నేను వచ్చేముందు మాటపట్టుల్లో బ్రహ్మచర్యం కష్టమనుకున్నాను. వచ్చాక తెలిసింది, అసలు కష్టం సమూహ జీవితమని, పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులూ పరీక్షకొచ్చేది కూడా అక్కడేనని.

నా సంగతి చెబుతాను. మా చాపెల్‌లో నేను కూర్చునే చోటు పక్కనే కిటికీ. గాలి లేకపోతే నాకు తల పట్టేస్తుంది. నా ముందు వరుసలో కూర్చునే సిస్టర్‌కి చల్లగాలి తగిలితే దగ్గు. నేను తెరిచేదాన్ని, ఆమె లేచొచ్చి మూసేది. నోటి మాట లేదు, చాపెల్ కదా. ఒకరోజు ఆ మూసిన చప్పుడు కాస్త గట్టిగా వచ్చింది, అంతే, ఆ రోజు నుంచి మాటలు బంద్. పదకొండు రోజులు. తాళాలు కావాలన్నా మూడో సిస్టర్ చేత అడిగించుకునేవాళ్లం. ఆ పదకొండు రోజుల్లో నేను ఒక్క పూట కూడా ప్రార్థన మానలేదు, ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేసేది అదే.

పన్నెండో రోజు సాయంకాల ప్రార్థనలో పరలోక జపం చెబుతున్నాం. ‘మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు’ దగ్గర నాకు గొంతు పెగల్లేదు. ముందు వరుసలో ఆమె గొంతు కూడా ఆగిపోయింది. ఆమె ముసుగు అంచున కుట్టు ఊడి ఓ తెల్లదారం మెడ మీద వేలాడుతోంది, జపం అయ్యేదాకా ఆ దారాన్నే చూస్తూ నిలబడ్డాను. భోజనాలయ్యాక సూదీ దారం తీసుకుని వెళ్లి ఆమె గది తలుపు తట్టాను. ‘ముసుగు ఇలా ఇవ్వండి సిస్టర్, కుట్టు ఊడింది’ అన్నాను. ఇచ్చింది. నేను కుడుతున్నంతసేపూ మంచం అంచున కూర్చుని నా చేతుల వంకే చూస్తోంది. కిటికీ మాట ఇద్దరం ఎత్తలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కిటికీ సగం తెరిచి ఉంది.

తర్వాత ఎప్పుడో బెనెడిక్టు నియమావళి 13వ అధ్యాయం చదివాను. ఉదయ సాయంకాల ప్రార్థనల చివర పరలోక జపం మఠాధిపతి అందరికీ వినిపించేలా పైకి చెప్పాలని అందులో ఉంది. కారణం కూడా రాశాడు, కలిసి బతికేచోట ముళ్లు మొలుస్తూనే ఉంటాయి కాబట్టి, ‘మన్నించు’ అనే ఆ మాటతో రోజూ వాటిని ఏరుకోవాలని. అన్ని వందల ఏళ్ల కిందటే ఆయన మఠంలోనూ ఓ కిటికీ ఉండే ఉంటుంది. చిన్న తెరేసమ్మ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1888లో 15 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌లోని లిస్యూ కార్మెలైట్ మఠంలో చేరి 24 ఏళ్లకే కన్నుమూసిన ఆమె, ధ్యాన సమయంలో వెనక కూర్చున్న సిస్టర్ చేసే చిన్న చప్పుడుకి ఒళ్లంతా చెమట పట్టేంత అవస్థ పడ్డానని స్వయంగా రాసుకుంది. బట్టలు ఉతికేచోట ఎదుటి సిస్టర్ మురికినీళ్లు ముఖం మీద చిందించిన సంగతీ రాసింది. అంతటి ఆమెకే చప్పుడు చిరాకు తెప్పించిందంటే నువ్వూ నేనూ ఎంత!

అయితే ఒకటి గట్టిగా చెబుతున్నాను. చిరాకు వేరు, అవమానం వేరు. ఎవరైనా నిన్ను కించపరుస్తుంటే, భయపెడుతుంటే అది ఓర్చుకోవలసిన సిలువ అని నోరు మూసుకోకు. మీకు శిక్షణ ఇచ్చే నోవిస్ మిస్ట్రెస్‌తో చెప్పు, వినకపోతే పైవాళ్లతో చెప్పు, పాపసంకీర్తనం వినే గురువుతో మాట్లాడు. నీ అంతరాత్మలో ఉన్నది తమకు విప్పి చెప్పమని సుపీరియర్లు (మఠం పెద్దలు) ఏ రకంగానూ ఒత్తిడి చేయకూడదని శ్రీసభ చట్టమే అంటుంది. ఇంకోటి, నీకు తొందరేం లేదు. నోవిషియేట్ కనీసం 12 నెలలు ఉండాలన్నది ఇందుకే. ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు, సాధారణంగా 3 నుంచి 6 ఏళ్లు, కావాలంటే మొత్తం 9 ఏళ్ల దాకా పొడిగిస్తారు. ఆ గడువు అయ్యాక వద్దనుకుంటే స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు, అది పాపమూ కాదు, పరువు తక్కువా కాదు. ఈ వారం మాత్రం ఒక పని చెయ్యి. ఆ సిస్టర్‌ని వాళ్లమ్మ గురించి అడుగు.

ప్రశ్న: ప్రేమలో దెబ్బతిన్నవాళ్లో, పెళ్లి కానివాళ్లో కాన్వెంట్‌లో చేరతారని మా ఫ్రెండ్స్ అంటారు. నిజమేనా?

కాదు తమ్ముడూ. దుఃఖంలో తలుపు తట్టేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లను వెంటనే చేర్చుకోరు, కొంతకాలం ఆగి రమ్మంటారు. బలవంతం చేసో, భయపెట్టో, మోసం చేసో చేర్పిస్తే ఆ ప్రవేశం అసలు చెల్లదని శ్రీసభ చట్టంలో ఉంది. 17 నిండకుండా నోవిషియేట్ లేదు, 21 నిండకుండా నిత్య మాటపట్టు, అంటే జీవితాంతానికి చేసేది, లేదు. పారిపోయి వచ్చినవాళ్లు ఇక్కడ నిలవలేరు, ఎందుకంటే మనం దేన్నుంచి పారిపోయామో అది మౌనంలో ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న: మా స్కూల్లో పనిచేసే సిస్టర్‌కి నాతో సమానంగా జీతం వస్తుంది. ఆ డబ్బు ఏమవుతుంది? ఆమె పేరు మీద ఆస్తి ఉండదా? (ఒక టీచర్)

జీతం సమూహానిది. నా జీతం నేరుగా కాన్వెంట్ లెక్కలోకి వెళ్తుంది, చెప్పులు తెగితే కొత్తవి కావాలని అడుగుతాను, ప్రయాణానికి ఇచ్చినదాంట్లో మిగిలింది తిరిగి ఇస్తాను. పుట్టింటి ఆస్తి సంగతి వేరు. మొదటి మాటపట్టుకి ముందే దాని నిర్వహణను ఎవరికైనా అప్పగించాలి, ఎవరికన్నది ఆమె ఇష్టం, సభకే ఇవ్వాలని లేదు. నిత్య మాటపట్టుకి ముందు దేశ చట్టం ప్రకారం చెల్లే వీలునామా కూడా రాయాలి. కొన్ని సభల్లో అయితే ఆస్తి హక్కునే పూర్తిగా వదులుకుంటారు.

చెప్పులు అడగడానికి సిగ్గుపడేదాన్ని మొదట్లో. సంపాదిస్తూ కూడా చెయ్యి చాచడమేంటని. మా కాన్వెంట్‌లో మంచానపడిన పెద్ద సిస్టర్‌కి రాత్రిపూట ప్రతిదీ ఒకరిని అడగాల్సిందే, నీళ్లు, దుప్పటి, పక్కకు తిప్పమని. ఆమెకు చేయడం మొదలుపెట్టాక నాకు ఆ సిగ్గు పోయింది.

ప్రశ్న: సుపీరియర్ ఏం చెబితే అది చేయాల్సిందేనా? మీకంటూ అభిప్రాయం ఉండదా?

ఉంటుంది, చెబుతాం కూడా. సుపీరియర్ పదవి కొంతకాలానికే, ఆ తర్వాత ఆవిడా మాతోపాటు వంతుల ప్రకారం గిన్నెలు తోముతుంది. సిస్టర్ల మాట మనసుపెట్టి వినడం ఆమె బాధ్యత అని శ్రీసభ చట్టం చెబుతోంది. బెనెడిక్టు అయితే ముఖ్యమైన విషయాలకు అందరినీ పిలవమన్నాడు, ప్రభువు మంచి ఆలోచనను తరచూ అందరికంటే చిన్నవాళ్ల చేతే చెప్పిస్తాడని. విన్నాక నిర్ణయం మాత్రం ఆమెది. నన్ను ఒకసారి నాకు ఎంతో ఇష్టమైన పనిలోంచి తీసి వేరే కాన్వెంట్‌కి పంపారు. ఏడ్చాను. వెళ్లాను. ఆ నిర్ణయం సరైనదేనా అంటే ఇప్పటికీ నేను అవునని చెప్పలేను, కానీ వెళ్లినచోట నాకు దొరికిన మనుషులను వదులుకోమంటే వదులుకోలేను.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయి నిత్య మాటపట్టు. అందరూ మీరు ధన్యులు అంటున్నారు, నాకేమో రాత్రిళ్లు ఏడుపు ఆగడం లేదు. నేను పోయాక దానికి ఎవరున్నారు? ముసలితనంలో ఎవరు చూస్తారు? (ఒక తల్లి)

అమ్మా, ఏడవండి. దేవుడికి ఇచ్చినంత మాత్రాన కడుపుకోత లేకుండా పోదు, మా అమ్మ కూడా నవ్వుతూ పంపి ఇంటికెళ్లి ఏడ్చిందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. సెలవుకి ఇంటికి పంపడం ఒక్కో సభలో ఒక్కో రకంగా ఉంటుంది, అమ్మాయినే అడగండి.

ముసలితనం గురించి మాత్రం నేను కళ్లారా చూసింది చెబుతాను. ఇందాక చెప్పిన పెద్ద సిస్టర్‌కి ఎనభై దాటాయి, మా పేర్లు గుర్తుండవు. ఆమె గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, వారంలో ఏ రాత్రి ఎవరి వంతో రాసి. ఎవరైనా రాలేకపోతే పేరు కొట్టేసి ఇంకొకరు తమ పేరు రాసుకుంటారు, ఆ కాగితం ఎప్పుడూ కొట్టివేతలతో నిండి ఉంటుంది కానీ ఒక్క రాత్రి కూడా ఖాళీ ఉండదు. సాయంకాల ప్రార్థనలో రోజూ పాడే మరియమ్మ స్తుతిగీతం మొదలుపెడితే మాత్రం, పేర్లన్నీ మరిచిన ఆ మనిషి ఒక్క మాట తప్పకుండా చివరిదాకా పాడుతుంది.

వీలైతే మాటపట్టుకి ఒకరోజు ముందే వెళ్లండి. మీ అమ్మాయి గది పక్క గదిలో ఎవరుంటారో కనుక్కుని ఆ సిస్టర్‌తో కాసేపు కూర్చోండి. మీ అమ్మాయికి ఒంట్లో బాగోకపోతే ఎవరికీ చెప్పదా, కోపం వస్తే తిండి మానేస్తుందా, దేనికి భయపడుతుంది, ఏం చెబితే నవ్వుతుంది, ఇవన్నీ మీకే తెలుసు. ఆమెకు చెప్పి రండి.