పెద్ద హార్డ్ డిస్క్ వేసినా సీ డ్రైవ్ పాత సైజే ఎందుకు చూపిస్తుంది?

మిర్యాలగూడలో మా బామ్మర్ది రైస్ మిల్లు లెక్కల కంప్యూటర్‌కు 500 జీబీ డిస్క్ తీసి 1 టీబీది వేసినప్పుడు ఇదే అడిగిండు: "బావా, గిన్ని పైసలు పెడితే సీ డ్రైవ్ గంతే ఉందేంది?"

ఉత్త ఫైళ్లు కాపీ కొడితే కొత్త డిస్క్ నుంచి విండోస్ లేవదు. క్లోనెజిల్లా లాంటి సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తాన్ని క్లోన్ చేయాలి, అంటే ఉన్నది ఉన్నట్టు నకలు తీయాలి. అయితే క్లోన్‌లో మామూలుగా పార్టిషన్ల (సీ, డీ లాంటి డిస్క్ భాగాల) కొలతలూ పాతవే వస్తాయి. మిగిలిన జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్లపట్టీ కింద 'అన్‌అలొకేటెడ్' అని పడి ఉంటుంది. సీ మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కితే కలిసిపోతుంది.

ఆ మాట మసకగా ఉండి నొక్కుడు పడకుంటే, చాలాసార్లు నడుమ విండోస్ రిపేరు కోసం ఉండే రికవరీ పార్టిషన్ అడ్డం కూర్చున్నట్టే. ఖాళీ జాగా సీకి ఆనుకొని కుడిపక్కనే ఉండాలి మరి. పార్టిషన్లను జరిపే జీపార్టెడ్ సాఫ్ట్‌వేర్‌తో ఆ రికవరీని చివరికి జరపండి. ముందు బ్యాకప్ తీసుకోండి, జరిపేటప్పుడు కరెంటు పోతే డేటాకే ముప్పు.

2 టీబీ కన్నా పెద్ద డిస్క్ అయితే డిస్క్‌లో పార్టిషన్ల లెక్క రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్ సరిపోదు, కొత్త పద్ధతి జీపీటీ కావాలి.

క్లోన్‌కు ముందు ఏది పాతది, ఏది కొత్తది అని సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కే పాతదాని మీదికి ఎక్కుతుంది.