మా వాడికి లక్షన్నర సైకిల్ కొనాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి అయిదో తరగతి. ఫోన్లో ఒలింపిక్స్ సైక్లింగ్ చూసినప్పటి నుంచి అదే లోకం, ‘నేనూ ఇండియా తరఫున తొక్కుతా’ అంటున్నాడు. రేసింగ్ సైకిల్ లక్షన్నర అట. చిట్టీ పాడి కొందామంటున్నారు వాళ్ల నాన్న. నాకేమో నవోదయ పరీక్ష టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ చిట్టీ పాట ఆపించండమ్మా. ఎదిగే పిల్లాడు, ఇవాళ కొన్న ఫ్రేము రెండేళ్లకే చాలకుండా పోతుంది. సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్లు నేలకు అందే మామూలు సైకిల్ చాలు. కొనేటప్పుడు వాడి చేతివేళ్లకు బ్రేకు లివర్ సరిగ్గా అందుతోందో లేదో చూడండి. షాపులో అందరూ రంగూ, గేర్లూ చూస్తారు గానీ దీన్ని పట్టించుకోరు.

ఇప్పుడు వాడికి కావాల్సింది ఆటను అర్థం చేసుకుంటూ చూడటం. ట్రాక్ స్ప్రింట్ పెట్టి చూపించండి. 250 మీటర్ల ట్రాక్ మీద ఇద్దరు రేసర్లు నత్తనడకన వెళ్తూ, ఒక్కోసారి దాదాపు ఆగిపోతారు. ‘వీళ్లెందుకు తొక్కరు?’ అని అడుగుతాడు. సంక్రాంతికి మన ఊళ్లలో పెట్టే స్లో సైకిల్ పోటీ గుర్తుచేయండి. కాలు కింద పెట్టకుండా నిలదొక్కుకునే ఆ నేర్పే అక్కడా కావాలి. కాకపోతే వాళ్ల లెక్క వేరు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ అలసిపోతాడు, వెనకవాడు ఆ చాటున బలం దాచుకుని చివర్లో దూకుతాడు. అందుకే ‘నువ్వు ముందు పో’ అంటే ‘నువ్వు పో’ అన్నట్టుంటుంది.

ఇది మీ కాలువ గట్టు మీదే తెలిసిపోతుంది. సాయంత్రం సముద్రం గాలి మొదలయ్యాక, గాలికి ఎదురుగా వాళ్ల నాన్న ముందు, వీడు ఒక సైకిల్ పొడవంత ఎడంగా వెనక. కాసేపయ్యాక వాణ్ని ముందుకు రమ్మనండి. తేడా కాళ్లకే తెలుస్తుంది. ఆ రాత్రి నలుగురు కలిసి తొక్కే టీమ్ పర్స్యూట్ చూపిస్తే, ముందున్నవాడు వాలుగా ఉండే ట్రాక్ పైకెక్కి పక్కకు తప్పుకుని వెనక ఎందుకు చేరుతున్నాడో వాడే మీకు చెబుతాడు. పిల్లాడికి ఆట మీద ప్రేమ ఇలాగే ముదురుతుందని నా గట్టి నమ్మకం.

మెయిన్ రోడ్డెక్కనివ్వకండి. రొయ్యల లారీలు ఒకవైపు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఒకవైపు. గింజల మీద టైరు ఎక్కితే బ్రేకు పట్టదు. స్కూలు గ్రౌండు మేలు. హెల్మెట్ లేకుండా సైకిల్ ఎక్కడమే వద్దు.

దేశం తరఫున అన్నాడు కాబట్టి ఉన్నమాట చెప్పాలి. 1964 టోక్యో తర్వాత 2024 పారిస్ దాకా ఒలింపిక్స్ సైక్లింగ్‌లో మనవాళ్లెవరూ లేరు. అలాగని దారి మూసుకుపోలేదు. అండమాన్ నికోబార్ దీవుల కుర్రాడు ఎసో ఆల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కీరిన్ (ముందు ఓ మోటారు బండి వెనక తొక్కుతూ, అది తప్పుకున్నాక చివర్లో దూకే ట్రాక్ రేసు) రజతం గెలిచాడు. మరుసటి ఏడాది అతను, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం తెచ్చారు. అంతర్జాతీయంగా జూనియర్ అంటే 17, 18 ఏళ్లు. మీవాడికి ఇంకా బోలెడు టైముంది. ఈలోపు ఈత, పరుగు, కబడ్డీ అన్నీ ఆడనివ్వండి. సైకిల్ మీద తేలిక గేర్‌లో కాళ్లు చకచకా తిప్పడం అలవాటు చేయండి. బరువు గేర్లు మోకాళ్లకు మంచివి కావు.

నవోదయకు చదివించండి. రోజూ గంటసేపు తొక్కితే చదువేం పాడవదు. పదమూడు, పద్నాలుగేళ్లకూ ఇదే పిచ్చి ఉంటే హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) చూపించి, అక్కడి కోచ్‌లతో మాట్లాడండి. ఢిల్లీలో నేషనల్ సైక్లింగ్ అకాడమీ ఉంది. రైల్వే, సైన్యం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా సంగతి అప్పుడు చూద్దాం. వాళ్ల నాన్నగారు దాచిన డబ్బు కదల్చకుండా ఉంచితే, సరైన సైకిల్ కొనాల్సింది కూడా అప్పుడే.