బోరు వేస్తే వాగుకు బదులు కట్టాలా?

నీటి బ్యాంకుల గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, రెడ్‌మండ్‌లో ఉంటున్నాము. కొండలకు అవతల కిట్టిటాస్ కౌంటీలో, క్లీ ఎలమ్ ఊరి దగ్గర, ఇల్లు కట్టుకోవడానికి మూడెకరాల స్థలం చూశాము. ఒక ‘వాటర్ బ్యాంకు’ నుంచి నీళ్లు కొన్నట్టు పత్రం తెస్తేనే అక్కడ బావితో ఇంటికి అనుమతి వస్తుందని కౌంటీ కార్యాలయంలో చెప్పారు. మా స్థలంలో మా ఖర్చుతో తవ్వుకునే బావికి ఇంకెవరికో డబ్బు కట్టడమేమిటి? అసలు ఆ బ్యాంకు నీళ్లను ఎక్కడ దాస్తుంది? — ఒక పాఠకురాలు, రెడ్‌మండ్

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. బ్యాంకు అన్నారు కదా అని అక్కడ చెరువో ట్యాంకో ఉంటుందని అనుకోకండి. ఉండేది ఒక ఖాతా మాత్రమే. ఏటి నీటితో పొలం పండించుకుంటున్న పాత హక్కుదారు ఒకరు ఆ సాగు మానుకొని తన హక్కును రాష్ట్ర ప్రభుత్వపు ‘ట్రస్టు’ ఖాతాలో ఉంచుతారు. అప్పటినుంచి ఆ నీరు కాలువలోకి మళ్లకుండా ఏటిలోనే సాగిపోతుంది. కొత్తగా బావి తవ్వే మీవంటివారు తాము తగ్గించబోయే నీటికి సరిపడేంత భాగాన్ని ఆ ఖాతాలోంచి కొంటారు. మీరు డబ్బు కట్టేది మీ బావిలోని నీటికి కాదు, మీ బావి వల్ల ఏటికి రాకుండా పోయే నీటి స్థానంలో మరొక నీటిని నిలబెట్టినందుకు.

బావికీ ఏటికీ సంబంధమేమిటన్న సందేహం సహజమే. వేసవిలో వాన లేని నెలల్లో కూడా వాగు పారుతోందంటే, దానికి ఆధారం కొండమంచు కరిగిన నీటితోపాటు నేలలోంచి వచ్చే ఊట. బావి తోడిన నీరు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త సి.వి. థీస్ 1940లోనే సూటిగా జవాబు రాశారు: మొదట భూమి పొరలలోని నిల్వ తరుగుతుంది, కాలం గడిచేకొద్దీ ఆ లోటు ఏటికి వెళ్లవలసిన ఊటలోంచో, ఏటిలోంచి నేలలోకి ఇంకే నీటిలోంచో పూడుతుంది. బావి ఏటికి దగ్గరగా ఉంటే రోజులలో, దూరంగా ఉంటే సంవత్సరాలలో, ఒక్కొక్కచోట దశాబ్దాలలో ఆ ప్రభావం కనబడుతుంది. ఆలస్యం ఎంతైనా ఆ నీటిని ఎవరో ఒకరు నష్టపోక తప్పదు.

మీరు చూసిన స్థలం యకిమా నది పరీవాహక ప్రాంతంలో ఉంది, అక్కడ ఈ నష్టానికి కచ్చితమైన చిరునామా ఉంది. వాషింగ్టన్‌లో నీటి హక్కుకు వయసే బలం. ముందు వాడుక మొదలుపెట్టినవారికి ముందు అందాలి. యకిమా నదిలో 1905 మే 10 అనే తేదీ గీత గీసినట్టు నిలిచింది. అంతకు ముందటి హక్కులకు కరవులో కూడా కోత పడదు, ఆ తేదీ హక్కులు మాత్రం కొరతను వాటాల ప్రకారం పంచుకోవాలి. 2015 కరవులో అలాంటి రైతులకు తమ వాటాలో 47 శాతమే దక్కింది. ఈ నదిలో ఎవరి హక్కు ఎంతో తేల్చే వ్యాజ్యం 1977లో మొదలై 2019లో తుది తీర్పుకు వచ్చిందంటే, అక్కడ ఒక్కొక్క క్యూసెక్కు ఎంత విలువైనదో ఊహించవచ్చు.

ఇంత పకడ్బందీ లెక్క నడుమ ఒక పాత సందు మిగిలిపోయింది. 1945 నాటి భూగర్భజల చట్టం రోజుకు 5,000 గ్యాలన్ల వరకు, అంటే సుమారు 18,900 లీటర్ల వరకు, ఇంటి అవసరానికి తోడే చిన్న బావులకు, అరెకరం మించని పెరటి తోటకు పర్మిట్ అక్కరలేదని చెప్పింది. ఒక రైతు ఇంటికి ఒక బావి ఉన్న రోజులలో అది న్యాయమైన సడలింపే. సియాటెల్ నుంచి వారాంతపు ఇళ్లు వరుసకట్టిన తరువాత అవే చిన్న బావులు వందల సంఖ్యలో చేరి, వందేళ్ల నాటి హక్కుదారులకంటే ముందుగా నీరు తోడసాగాయి. అందుకే రాష్ట్ర ఎకాలజీ శాఖ ఎగువ కిట్టిటాస్‌లో 2009లో తాత్కాలికంగా, తరువాత శాశ్వత నిబంధనగా, బదులు చూపని కొత్త బావులను ఆపివేసింది. ఆ బదులు 1905 మే 10 కంటే పాత హక్కునుంచే రావాలి. అప్పుడే కరవు సంవత్సరంలో కూడా అది కాగితం మీద గాక ఏటిలో ఉంటుంది.

స్థలానికి బయానా ఇచ్చేముందు ఒక పని చేయండి. ఏ బ్యాంకు నీరు ఏ భూమికి వర్తిస్తుందో చూపే పటాలు అక్కడ ఉన్నాయి, వాటిలో మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో కౌంటీ కార్యాలయంలో అడగండి. పెద్ద నదిలో నీరు వదిలినంత మాత్రాన దానికి ఎగువనున్న చిన్న వాగుకు మేలు జరగదు కాబట్టి, మీ బావి అలాంటి వాగు పక్కన ఉంటే డబ్బు సిద్ధంగా ఉన్నా పత్రం దొరకకపోవచ్చు.

ప్రశ్న: ఇదంతా ధనవంతులు డబ్బు కట్టి చేతులు కడుక్కునే ఏర్పాటు కాదా? ఎవరూ వాడని హక్కును ఒకరు అమ్మి, దాని పేరిట మరొకరు నిజమైన నీటిని తోడుకుంటే ఏటికి మిగిలేదేమిటి? — ఎం.టెక్. విద్యార్థి, హైదరాబాదు

జవాబు: మీ అనుమానం సరైన చోటనే ఉంది. నీటి బ్యాంకు మంచిదా చెడ్డదా అన్నది మూడు విషయాలమీద ఆధారపడుతుందని నా అభిప్రాయం: ఎంత నీరు, ఎప్పుడు, ఎక్కడ.

మొదటిది కొంతవరకు దారికి వచ్చింది. వాషింగ్టన్ చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా వరుసగా 5 ఏళ్లు వాడని హక్కు రద్దవుతుంది కనుక, బ్యాంకులో వేసేముందు ఆ హక్కు నిజంగా ఎంత వాడుకలో ఉందో ఎకాలజీ శాఖ పరిశీలిస్తుంది. అంతేకాక కాలువకు మళ్లించిన నీరంతా జమకాదు. ఉదాహరణకు ఒక రైతు ఏటా 100 ఎకరా-అడుగులు (ఎకరా-అడుగు అంటే ఎకరం నేలమీద అడుగు లోతున నిలిచే నీరు) మళ్లించి, అందులో 60 పైరు ద్వారా ఆవిరైపోయి, తక్కిన 40 నేలలో ఇంకి మళ్లీ ఏటికే చేరుతున్నాయనుకోండి. ఆ 40 ఎప్పుడూ ఏటివే కాబట్టి, బ్యాంకుకు అమ్మదగినవి 60 మాత్రమే. (మన లెక్కలో ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరా-అడుగులు.) కొనేవారి పక్షాన కూడా ఇదే సూత్రం. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో లోపల వాడిన నీటిలో 10 శాతమే నిజంగా ఖర్చవుతుందని, పెరట్లో పోసిన నీటిలో 80 శాతం ఆవిరైపోతుందని రాష్ట్రం అంచనాలలో తీసుకుంటుంది. ఇంటి లోపల రోజుకు 350 గ్యాలన్లు వాడే కుటుంబానికి ఈ లెక్కన పడే అసలు ఖర్చు 35 గ్యాలన్లే. పై 60 ఎకరా-అడుగులు అలాంటి ఇళ్లు దాదాపు 1,500కు సరిపోతాయి. ఏటికి శత్రువు పచ్చిక బయలేగాని వంటగది కాదని ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

రెండోది కాలం. సాగు హక్కు వదులుకుంటే నీరు మిగిలేది సాగు నెలలలోనే, ఇంటి బావి మాత్రం చలికాలంలో కూడా నడుస్తుంది. యకిమాలో ఫెడరల్ జలాశయాలున్నందువల్ల, వేసవిలో మిగిలిన నీటిని నిల్వచేసి అవసరమైనప్పుడు వదిలే ఒప్పందం చేసుకోగలిగారు. జలాశయం లేని ఏటికి ఆ వెసులుబాటు లేదు.

మూడోది స్థలం. నాకు అసలైన సందేహం ఇక్కడే. పక్కనున్న ఆరెగాన్ రాష్ట్రంలో, బెండ్ నగరం చుట్టూ ఉన్న డెషూట్స్ నదికి 2002 నుంచి ఇలాంటి పథకమే ఉంది. కొత్త భూగర్భజల వాడకానికి మొత్తం 200 క్యూసెక్కుల పరిమితి విధించి, పర్మిట్ కావలసిన ప్రతి కొత్త బావికీ బదులు చూపమన్నారు. అక్కడి అగ్నిపర్వత శిలలు జల్లెడవంటివి, వాటిలో ఇంకిన నీరు చాలా దూరం ప్రయాణించి దిగువన చల్లని ఊటలై నదిలో పడుతుంది. పాత సాగు హక్కులు కొన్నందువల్ల ఎగువన ఎండిపోయే పాయలో నీరు పెరిగింది, అది నిజమైన లాభమే. అయితే బావులు తగ్గించేది చల్లని ఊటనీటిని, బదులుగా వచ్చేది ఎండకు వేడెక్కిన కాలువనీటిని. అంకె సరిపోతుంది, చల్లదనం కోరే చేపకు మాత్రం రెండూ ఒకటి కావు. ఏటా నదిలో కొలిచే క్యూసెక్కులతో ఈ తేడా తెలియదు.

నీటికి బదులుగా నీరు కాక చేపలకు గూళ్లు, గట్లమీద చెట్లు వంటివి చూపిస్తే చాలదా అన్న వాదన కూడా వచ్చింది. యెల్మ్ అనే పట్టణం కేసులో 2015లో వాషింగ్టన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తరువాతి ఏడాది మరొక తీర్పులో, ఇంటి అనుమతి ఇచ్చే ముందు నీరు చట్టబద్ధంగా ఉందో లేదో కౌంటీలే తేల్చుకోవాలని చెప్పడంతో ఊళ్లలో ఇళ్ల నిర్మాణం చిక్కుల్లో పడింది. దానితో శాసనసభ 2018లో రాజీ చట్టం తెచ్చింది: చాలా పరీవాహక ప్రాంతాలలో కొత్త ఇంటికి 500 డాలర్ల రుసుము, ప్రాంతాన్ని బట్టి రోజుకు సగటున 950 లేదా 3,000 గ్యాలన్ల పరిమితి, వాగులు, నదుల పునరుద్ధరణకు 15 ఏళ్లలో 30 కోట్ల డాలర్లు. బ్యాంకు లెక్కలోని కచ్చితత్వం ఈ చట్టంలో లేదు. నన్నడిగితే ఇది వెనకడుగే.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పెన్నా ఇసుకలో మా పెద్దలు తవ్వుకున్న ఊటకాలువ బోర్లు వచ్చాక ఎండిపోయింది. ఇలాంటి బ్యాంకు ఇక్కడ పెట్టలేమా? — ఒక రైతు

జవాబు: మీ ఊటకాలువ కథ థీస్ చెప్పినదానికి మనవైపు సాక్ష్యం. అయినా, అయ్యా, బ్యాంకు ఇప్పుడే సాధ్యమని చెప్పలేను. బ్యాంకులో వేయాలంటే ముందుగా కొలిచిన హక్కు ఉండాలి. మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి నేల ఎవరిదైతే కింది నీరు వారిదే అన్న భావం నడుస్తోంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం బావుల రిజిస్ట్రేషన్, కొత్త బోరుకు అనుమతి, బావుల మధ్య దూరం గురించి మాట్లాడిందిగాని, ఏ రైతు ఎంత తోడవచ్చో అంకె వేయలేదు. అంకె లేని హక్కును వదులుకున్నా ఎంత వదిలారో ఎవరూ చెప్పలేరు. మీరు ఆపిన నీటిని పక్క బోరు తోడుకుంటే అడిగే దిక్కూ లేదు. మీటరు లేని ఉచిత కరెంటు వల్ల ఆ లెక్క ఇంకా దూరమైంది.

దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 7 కరవు జిల్లాలలో రైతులే బోర్లలో నీటిమట్టం, వానకొలత రాసుకొని, రబీకి ముందు ఊరంతా కూర్చొని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరినీ బలవంతపెట్టకుండానే చాలామంది వరి తగ్గించారు. మీ ఊళ్లో మొదలుపెట్టదగినది అదే. ఊటకాలువ తలదగ్గర ఇసుకలో ఒక పరిశీలన గొట్టం దించి, నెలకొకసారి నీటిమట్టం రాయించండి. ఆ పుస్తకం లేనిదే ఏ ఖాతా తెరవలేము.

ప్రశ్న: మా అబ్బాయి వాషింగ్టన్ రాష్ట్రంలోని సీక్విమ్‌లో ఇల్లు కొన్నాడు. బావికి ఉన్న పత్రం ఇంటి లోపలి వాడకానికి మాత్రమేనట. నాలుగు గోంగూర మొక్కలు, ఒక బీరపాదు పెట్టుకోవడానికి కూడా వీలులేదా? — ఒక తల్లి, విజయవాడ

జవాబు: పత్రంలో అలా ఉంటే బావినీటితో వీలులేదమ్మా. పై జవాబులో చెప్పిన 10, 80 శాతాల తేడాయే దానికి కారణం. సీక్విమ్‌లో ఏడాదికి కురిసేది సుమారు 16 అంగుళాలే, అనంతపురం వానకంటే తక్కువ. 1895లో డంజెనెస్ నదినుంచి కాలువ తవ్వుకున్నాకనే అక్కడ సేద్యం సాగింది; ఆ కాలువ పండుగ ఇప్పటికీ ఏటా చేసుకుంటారు. అదే నదిలో చినూక్ సాల్మన్ చేప ముప్పున్న జాతిగా 1999లో జాబితాకెక్కింది. 2013 జనవరి 2 నుంచి కొత్త బావులకు బదులు తప్పనిసరి చేసి, డంజెనెస్ నీటి మారక సంస్థ ద్వారా అమ్ముతున్నారు.

రెండు మార్గాలున్నాయి. పెరటి వాడకం కూడా కలిసిన పత్రానికి మారే వీలుందేమో మీ అబ్బాయి ఆ సంస్థను అడగవచ్చు. రెండోది ఇంటి కప్పుమీది వాన. ఆ నీటిని పట్టి అదే స్థలంలో వాడుకోవడానికి పర్మిట్ అక్కరలేదని ఎకాలజీ శాఖ 2009లో స్పష్టం చేసింది. వెయ్యి చదరపు అడుగుల కప్పుమీద ఏటా 37 వేల లీటర్ల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం చలికాలంలోనే. గోంగూరకు నీరు కావలసింది జూలైలో కాబట్టి, చిన్న పీపా కాక పెద్ద తొట్టి పెట్టించి, ఏప్రిల్‌లోగా నిండేట్టు చూసుకోమనండి.