'మాకు' అంటే లేదు అని

అమ్మాయ్,

నీ కథ అందింది. మొదటిసారి కోపమొచ్చి మూడో పేజీ దగ్గరే పక్కన పడేశాను. రాత్రి నిద్రపట్టక మళ్లీ తీశాను. బాగుందా అని అడిగావు. బాగుంది. కోపం సంగతికొస్తాను.

నీ నాయిక కువైట్‌లో దిగిన వారానికే ఇంటామెతో "నీ గుండె మంచిది" అనబోయి 'కల్బ్' అంటుంది. అది కుక్క అనే అర్థమై కూర్చుంటుంది, చెంపదెబ్బ తింటుంది. ఇది ఎక్కడ ఏరుకొచ్చావో నాకు తెలుసు. అరబ్బీ నేర్పే ప్రతివాడూ మొదటి రోజు చెప్పే జోకు. పుస్తకాల అరబ్బీలో చెల్లుతుంది, అక్కడ గుండె, కుక్క అన్న రెండు మాటలూ మన చెవికి ఒకటే. కానీ కువైట్ ఇళ్లలో గుండెను 'గల్బ్' అంటారు, కుక్కను 'చల్బ్' అంటారు. గకారం, చకారం మన కోడూరు మనిషికి ఉగ్గుపాలతో వచ్చినవే, తడబడే వీలే లేదు. అయినా మొదటి వారంలో గుండె సంగతి ఎవరికి కావాలి? నీళ్లు, బాత్రూము, ఉప్పు, చంటిపిల్ల పాలసీసా, ఈ మాటలు కావాలి. నువ్వా వంటగదిలోకి అడుగుపెట్టకుండా గుమ్మంలోంచే కథ రాశావు.

చాదస్తం అనుకున్నా సరే, ఇది చెప్పకుండా వదలను. పరాయి దేశంలో మన చెవి ఖాళీగా కూర్చోదు. వినపడ్డ ప్రతి ముక్కలోనూ తన భాషనే వెతుక్కుంటుంది. నీ నాయిక ఏం విన్నదో రాయి. వాళ్లు ఏమన్నారో తర్వాత సంగతి.

1984 నుంచి 1990 దాకా నేను కువైట్‌లోనే, ఫహాహీల్ వైపు ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్ కీపరుగా ఉన్నాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బస్సుల్లో బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్, అమ్మాన్‌లో విమానం కోసం పడిగాపులు. ఆ ఏడాది లక్షా డెబ్బై వేలమందికి పైగా మనవాళ్లను విమానాల్లో తెచ్చారు కదా, అందులో ఒకణ్ణి. ఆ క్యూలో నా ముందు రాజంపేట వైపు ఆవిడ ఒకామె. చేతిలో ప్లాస్టిక్ సంచి తప్ప ఏమీ లేదు. పొద్దుపోక తన మొదటి వారం కథ చెప్పింది. ఇంటామెను 'మామా' అని పిలవాలట. మామంటే మొగుడి తండ్రి గదా, ఆడమనిషిని అట్లా ఎట్లా పిలిచేది అని రెండు రోజులు పిలవకుండానే పని కానిచ్చింది. మూడో రోజు రొట్టెల డబ్బా తెరిచి చూసి ఇంటామె "కుబ్బూస్ మాకు" అంది. ఈవిడకు పక్కాగా అర్థమైంది. రొట్టె మాకు, నీకు కాదు అని! అప్పట్నించి మూడు రోజులు రొట్టె ముట్టలేదు. గిన్నె అడుగున మిగిలిన అన్నం గోక్కుని తింది. ఎంత పిసినారి ముండ అని లోపల తిట్టుకుంది. ఆ మాటకు అర్థం రొట్టెలు అయిపోయాయని. కువైటీల మాటల్లో 'మాకు' అంటే లేదు అని. ఉంది అనాలంటే 'ఆకు' అంటారు. "కుబ్బూస్ ఆకు" అన్నప్పుడు అరిటాకు కోసం వెతికాను సార్ అని ఆవిడ నవ్వింది. చుట్టూ దుమ్ము, చంటిపిల్లల ఏడుపులు, మంచినీళ్ల ట్యాంకరు దగ్గర తోపులాట. అందులో కడుపుబ్బ నవ్వాం ఇద్దరం.

ఇలాంటివి పుట్టించలేం. సౌదీ, దుబాయ్ వైపు లేదు అనడానికి 'మాఫీ' అంటారు. జగిత్యాల నుంచి అప్పులు తీర్చడానికి పోయినవాడికి "ఫులూస్ మాఫీ" అంటే ఏం వినపడుతుందో ఊహించు. రుణమాఫీ లాంటిదేదో అనిపించదూ? వాళ్లు చెప్తున్నది ఈ నెల డబ్బుల్లేవని.

దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఇరాకీ సైనికుడు బస్సెక్కి ఒక్కొక్కరినీ "హిందీ?" అని అడిగాడు. మా గదిలో ఉండే తాపీమేస్త్రి, గోదావరి జిల్లావాడు, "నో హిందీ, తెలుగు" అన్నాడు. వాణ్ణి కిందకి దింపారు. నేను పరుగెత్తి చొక్కా లాగి, ఒరేయ్, హిందీ అంటే ఇండియావాడా అని, ఔనను అన్నాను. "నాకు హిందీ ముక్క రాదండీ, తుపాకి పట్టుకున్నోడి ముందు అబద్ధమెలా చెప్తాను" అంటాడు!

ఇదంతా నా మొదటి కథలో రాశాను. ఏ పత్రికకు పంపాలని అడిగావు గనక చెప్తున్నా. నేను పంపిన వారపత్రిక సంపాదకుడు 'ఖద్దామా' అన్నచోటల్లా 'పనిమనిషి' అని దిద్దాడు. 'కఫీల్' కొట్టేసి 'యజమాని' చేశాడు. కుబ్బూస్ మాకు అన్న వాక్యాన్ని "రొట్టె మాకు లేదు" అని సరిచేశాడు, నేనేదో రాయడం మర్చిపోయానని! కథ ప్రాణమే పోయింది. ఉత్తరం రాస్తే, పాఠకుడికి అర్థం కావాలి గదండీ అన్నాడు. ఆ ఇంట్లో ఆవిడకే అర్థం కాలేదు మహాప్రభో, అదే కదా కథ! ఆయన లేడిప్పుడు. ఆ దిద్దుబాటు మాత్రం నా సంపుటిలోకి కూడా ఎక్కి కూర్చుంది, నా బద్ధకం వల్ల.

ఇప్పటి సంకలనాలు మరో రకం. అమెరికా కథైతే మంచు, గల్ఫ్ కథైతే ఇసుక. మనుషులు మాత్రం ఎక్కడున్నా రేడియో వార్తల తెలుగే మాట్లాడతారు. నీ ఇంటామె కూడా "నీవు ఆలస్యంగా లేచావు, ఇది నాకు నచ్చలేదు" అంటుంది. ఆవిడ పనిమనిషితో మాట్లాడేది క్రియలకు కాళ్లూ చేతులూ లేని అరబ్బీ. నేను పోతా, నువ్వు పో, అయ్య పోయాడు, అన్నిటికీ ఒకటే 'రోహ్'. దాన్ని తెలుగులో ఎట్లా దించాలో నీ తంటా నువ్వు పడాలి. నేను నలభై ఏళ్లుగా పడుతున్నాను.

ఇంకొకటి. నీ నాయికకు 23 ఏళ్లన్నావు, చదువు లేదన్నావు. పది పాసుకాని మనిషి పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది, అంటే పనికి పరాయి దేశం పోవాలంటే ముందు మన ప్రభుత్వం అనుమతి కావాలి. 30 నిండని ఆడమనిషిని ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ ఇంటిపనికి పోనివ్వరు. మరి ఎట్లా పోయింది? వయసు దిద్దించారా, విజిట్ వీసా మీద పంపారా? ఆ ఏజెంటు ఏమని చెప్పమన్నాడు కౌంటర్లో? నీ కథ 2019లో నడుస్తుంది. అప్పటికి కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015 నాటి చట్టం ఉంది, రోజుకు 12 గంటలు మించకూడదని, వారానికో సెలవని, పాస్‌పోర్టు ఇంటివాళ్లు అట్టిపెట్టుకోకూడదని. ఆవిడ చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసింది. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇక నాలుగో పేజీ. ఏళ్ల తర్వాత ఇల్లు చేరిన తల్లి, దూడను "తాల్, తాల్" అని, అరబ్బీలో రా రా అని, పిలుస్తుంది. దూడ కదలదు. వెనక నుంచి కూతురు "దా, దా" అంటే వస్తుంది. తల్లి చేతిలో గడ్డి అట్లాగే ఉంటుంది. దీన్ని నువ్వు ఎక్కడా ఏరుకోలేదు, నాకు తెలుసు. ఆ కూతురు నువ్వేనేమో అడగను.

అది నీ ఇల్లే అయితే మీ అమ్మను అడుగు, అక్కడ మొట్టమొదట తప్పుగా విన్న మాట ఏమిటని. ఫోను ముందుపెట్టి రికార్డు చేస్తూ అడక్కు. చింతపండు గింజ తీసేటప్పుడు, పక్కన కూర్చుని నువ్వూ రెండు కాయలు కొడుతూ అడుగు. చెప్పకపోతే వదిలెయ్.

కథ తిరిగి పంపుతున్నాను, నువ్వు స్టాంపులు అంటించి పెట్టిన కవర్లోనే. నాలుగో పేజీ అందులో లేదు, నా దగ్గరే ఉంచుకున్నాను. నీ దగ్గర ఇంకో కాపీ ఉంటుందిలే.