యూనియన్ ఫారం మీద సంతకం పెట్టే ముందు

అల్లుడూ,

నువ్వు పంపిన యూనియన్ ఫారం ఫొటో చూశాను. అదే రోజు రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడికి పర్మినెంట్ అయి ఇంకా ఏడాది కూడా కాలేదు, ఆ యూనియన్ గోలలోకి పోవద్దని నువ్వైనా చెప్పు" అంది. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నా. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అనేస్తావు.

నా మాట ముందే చెప్పేస్తా. సంతకం పెట్టు. కాకపోతే ఆదివారం మీటింగులో ఒక విషయం తేల్చుకుని పెట్టు. మీ ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్లు రెండొందల మంది, కాంట్రాక్టు వాళ్లు ఐదొందల మంది అన్నావు. ఫారంలో మాత్రం "పర్మినెంట్ ఉద్యోగులకు మాత్రమే" అని రాసి ఉంది. నాకు నచ్చనిది ఆ ముక్కే. దాని సంగతి తర్వాత చెప్తా.

యూనియన్ల వల్ల పనిచేసేవాడికి మేలా, కీడా అని అడిగావు. నేను బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో టర్నర్‌గా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి. కమిటీలో కోశాధికారిగా కూడా ఉన్నా. రెండూ చూశా.

ఒకసారి జీతాల ఒప్పందం చర్చలు నెలల తరబడి నడిచి, చివరికి నెలకు మూడు వేలు పెంచడానికి యాజమాన్యం ఒప్పుకుంది. సాయంత్రం పిలిచి, ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు పేజీలు ముందు పెట్టి, మిర్చి బజ్జీలు, టీ తెప్పించారు. బయటి నుంచి వచ్చిన మా ప్రెసిడెంటుకు రైలుకు టైమవుతోంది. "మూడు వేలంటే మాటలా, పెట్టేద్దాం" అని పెన్ను తీశాడు. మా కమిటీలో పెయింట్ షాపు నుంచి ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఏడో తరగతి దాటలేదు. ఆయన బజ్జీ ముట్టుకోకుండా, "సార్, ఈ మూడు వేలు జీతం చీటీలో ఏ గడిలో పడతాయి?" అని అడిగాడు. మేనేజరు వెంటనే జవాబు చెప్పలేదు. కాగితాలు తిప్పి చూస్తే అంతా స్పెషల్ అలవెన్స్ కింద రాసి ఉంది. బేసిక్‌లో ఒక్క రూపాయి కలవలేదు.

తేడా ఏంటో లెక్క కట్టి చూడు. ఉద్యోగం వదిలేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీ బేసిక్, డీఏ (కరువు భత్యం)ల మీద వచ్చేది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన. మూడు వేలు బేసిక్‌లో కలిస్తే ఏడాదికి 1,730 రూపాయలు, ఇరవై ఏళ్ల సర్వీసుకు 34 వేల పైచిలుకు. అలవెన్స్‌లో పడితే సున్నా. ఆ రోజు సంతకాలు కాలేదు. ప్రెసిడెంటు రైలు తప్పిపోయింది. ఇంకో రెండు సిట్టింగులు కూర్చున్నాక రెండు వేలు బేసిక్‌లోకి, వెయ్యి అలవెన్స్‌లోకి వచ్చాయి. ఆ పెయింటర్ అదే ప్రశ్న ఒక్కడే వెళ్లి అడిగి ఉంటే "చూద్దాం లే" అని పంపించేవాళ్లు. (2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కగట్టాలి. మీ చీటీ ఒకసారి తీసి చూసుకో.)

మరి కీడు ఎక్కడ? మొదటిది, పైరవీ. సభ్యుడికి హక్కుగా రావాల్సిన షిఫ్టు మార్పు, లోను, ప్రమోషన్ ఇవన్నీ నాయకుడి దయగా మారితే అది ఇక యూనియన్ కాదు, దళారీ దుకాణం. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, నీ కష్టం ఎంత పెద్దదైతే వాడికి అంత గిరాకీ. అలాంటివాణ్ణి కనిపెట్టడం కష్టమేం కాదు. చందాకు రసీదు ఇస్తున్నాడా? ఏటా రిజిస్ట్రారుకు పంపిన లెక్కల కాపీ అడిగితే చూపిస్తాడా? నేను కోశాధికారిగా ఉన్నప్పుడు లెక్కలు నోటీసు బోర్డు మీద అంటించేవాణ్ణి. నాయకులకు నా మీద కోపమొచ్చింది కానీ చందా కట్టేవాళ్లు పెరిగారు.

బయటి నాయకులు అసలే వద్దనను. లోపలివాడికి ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది, బయటివాడికి ఉండదు. లేబర్ ఆఫీసు మెట్లెక్కి దిగిన అనుభవం కూడా వాళ్లకే ఉంటుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆ ఆఫీసున్న భవనానికి ఎవరి పేరుందో గమనించావా? టి. అంజయ్య. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై, యూనియన్ నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయ్యాడు. అయినా చట్టమే ఒక హద్దు పెట్టింది. మీలాంటి ఫ్యాక్టరీ యూనియన్‌లో బయటివాళ్లు పదవుల్లో మూడో వంతుకు గానీ ఐదుగురికి గానీ, ఏది తక్కువైతే దానికి మించకూడదు. మీ కమిటీ లిస్టు పట్టుకుని లెక్కపెట్టు.

ఇక సమ్మె. మీ అమ్మ భయమంతా దాని గురించే. ఆమెను తప్పుపట్టను. 2019 ఆర్టీసీ సమ్మె మనందరం చూసిందే. అక్టోబర్ 5న, సరిగ్గా దసరా ముందు మొదలైంది. నలభై ఎనిమిది వేల మందికి పైగా, 52 రోజులు. డిమాండ్లు 26, అందులో పెద్దది ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలని. పండక్కి జీతాల్లేవు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. నవంబర్ 25న యూనియన్ల జేఏసీ సమ్మె విరమిస్తే, డ్యూటీకి వచ్చినవాళ్లను డిపో గేటు దగ్గరే ఆపేశారు. 29న గానీ లోపలికి రానివ్వలేదు.

ఆ తర్వాత జరిగింది చూడు. డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిపించి భోజనం పెట్టి, సమ్మె కాలం జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంచుతామన్నారు. యూనియన్లు మాత్రం వద్దన్నారు. వాటి బదులు డిపోకు ఇద్దరి చొప్పున వెల్ఫేర్ కౌన్సిల్ పెట్టారు. అంటే ఇవ్వగలిగిన డబ్బు ఉంది, ఇచ్చారు కూడా. కానీ కార్మికుడు అడిగి తెచ్చుకున్నట్టు కాకుండా, దొరవారు దయతలచి ఇచ్చినట్టు ఇచ్చారు. ఇలా ఇచ్చింది రేపు ఆపేస్తే అడగడానికి మనిషుండడు. విలీనం మాటకొస్తే, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న కలిపేశారు. ఇక్కడ 2023లో, ఎన్నికలకు కొన్ని నెలల ముందు, అదే ప్రభుత్వం అసెంబ్లీలో బిల్లు పాస్ చేసింది. మరి సమ్మె ఓడినట్టా, గెలిచినట్టా? ఆ డ్రైవర్ ఇంట్లోవాళ్లను ఈ ప్రశ్న అడగలేం. నా మట్టుకు నాకు అనిపించేది, డిమాండ్ తప్పు కాదు, వెనక్కి రావడానికి దారి చూసుకోకుండా దిగడం తప్పు.

అంతకన్నా ఘోరంగా దెబ్బతిన్నది బొంబాయి బట్టల మిల్లు కార్మికులు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షలకు పైగా మంది దిగారు. మన తెలంగాణ జిల్లాల నుంచి పోయిన పద్మశాలి కుటుంబాలు అందులో ఎన్నో. అక్కడి చట్టం ప్రకారం గుర్తింపు వేరే యూనియన్‌కు ఉంది. దాన్ని పట్టుకుని సామంత్‌తో మాట్లాడేదే లేదన్నారు యజమానులు. సమ్మె ఏడాది దాటింది. అధికారికంగా ఎవరూ విరమించనేలేదు, అలాగే చల్లారిపోయింది. మిల్లులున్న చోట ఇప్పుడు మాల్స్, టవర్లు లేచాయి.

కాబట్టి సమ్మె మాట ఎవరెత్తినా మూడు అడుగు. చేతులెత్తించి కాకుండా చీటీలతో ఓటింగ్ పెడతారా? జీతం లేకుండా మనవాళ్లు ఎన్ని వారాలు నిలబడగలరు? ఎంత ఇస్తే ఆపుతాం? మూడో దానికి జవాబు లేనివాడి వెనక పోవద్దు. చట్టం సంగతి కూడా గుర్తుంచుకో. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు దిగకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకేసారి సెలవు పెట్టినా ఇప్పుడది సమ్మె కిందకే వస్తుంది. నోటీసు లేకుండా పదిమందో అంతకన్నా ఎక్కువో కలిసి ఒక్క రోజు మానేసినా ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చు. వాట్సాప్ గ్రూపులో "రేపు అందరం సిక్ లీవ్ కొడదాం" అని ఒకడు రాయడం, మిగతావాళ్లు బొటనవేళ్లు పెట్టడం, ఇలాంటి తమాషాలు వద్దు.

చీటీలతో ఓటింగ్ అని ఎందుకంటున్నానంటే, సింగరేణిని చూసి. 1990ల మొదట్లో అక్కడ ఏడాదికి వందల సమ్మెలు. లెక్కలేనన్ని సంఘాలు, ఒకడు షిఫ్టు ఆపితే ఇంకొకడు పక్క బాయి ఆపేవాడు. కంపెనీ రెండుసార్లు ఖాయిలా పడింది. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. కమ్యూనిస్టుల ఏఐటీయూసీ గెలిచింది. యాజమాన్యం ఎవరితో కూర్చోవాలో, కార్మికుడు ఎవరి గల్లా పట్టుకోవాలో తేలిపోయింది. సమ్మెలు బాగా తగ్గాయి. ఇంకో ముచ్చట. 2023 డిసెంబర్ 27న ఎన్నికలు జరిగే నాటికి రాష్ట్రంలో కాంగ్రెస్ కొత్తగా గెలిచి ఊపు మీదుంది. అయినా గుర్తింపు దాని ఐఎన్‌టీయూసీకి రాలేదు, ఏఐటీయూసీకే వచ్చింది. రహస్య ఓటు ఉంటే జనం ఎవరికీ జడవరు.

ఇప్పుడు ఫారంలో ఆ ముక్క దగ్గరికొస్తా. అదే సింగరేణిలో ఒకప్పుడు పర్మినెంట్ వాళ్లు లక్ష దాటి ఉండేవాళ్లు. ఇప్పుడు దాదాపు 40 వేలు. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. ఓపెన్ కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) వచ్చాయి, యంత్రాలొచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టింది పోగా మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. పర్మినెంట్ వాళ్లకు సగటున తలా లక్షా తొంభై వేలు. అదే గనుల్లో పనిచేసే కాంట్రాక్టు వాళ్లకు తలా ఐదు వేలు, అదీ మొదటిసారట. ఐదు వేలైనా వచ్చినందుకు వాళ్లు సంబరపడ్డారు. నాకు మాత్రం యూనియన్ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. లోపలున్నవాళ్లకు గొడుగు పట్టాయి, పక్కన తడుస్తున్నవాణ్ణి ఎవరో అన్నట్టు చూశాయి. బాలానగర్‌లోనూ ఇంతే. మావాళ్లు పర్మినెంట్ జీతాలు పెంచుకుంటూ పోయారు, రిటైరైన ప్రతి మనిషి స్థానంలో కాంట్రాక్టు మనిషి వచ్చాడు. చివరికి కమిటీ వెళ్లి కూర్చుంటే మేనేజరు గడియారం చూసుకునే పరిస్థితి వచ్చింది. మేం మానేస్తే ఆగే మెషిన్లు అప్పటికి నాలుగే.

మీ పక్కనే పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు నీకు నేను చెప్పాలా? యాభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు. అసలు లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది. అలాంటి చోట నీ పక్క మెషిన్ మీద ఉన్న కాంట్రాక్టు కుర్రాడికి ట్రైనింగ్ లేకపోతే పోయేది వాడొక్కడే కాదు, నువ్వు కూడా.

మీ సీనియర్లు ఒక మాట అంటారు. చర్చలు జరిపే యూనియన్‌గా గుర్తింపు రావాలంటే మస్టర్ రోల్‌లో, అంటే ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఉన్నవాళ్లలో 51 శాతం మన వెంట ఉండాలి, కాంట్రాక్టు వాళ్ల పేర్లు కాంట్రాక్టర్ దగ్గర ఉంటాయి కాబట్టి వాళ్లతో మనకేం పని అని. గుర్తింపు లెక్క వరకు వాళ్ల మాట తీసిపారేయలేం. కానీ యూనియన్ బైలాలో (నియమావళిలో) రాసుకుంటే వాళ్లకూ సభ్యత్వం ఇవ్వొచ్చు. మీ డిమాండ్లలో మొదటి మూడింట్లో ఒకటి వాళ్లది పెట్టొచ్చు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం, పీఎఫ్, ఈఎస్ఐ సరిగ్గా కట్టడం, ఎవరు లోపల ఉన్నారో గేటు దగ్గర రిజిస్టర్, ఇవేవీ గొంతెమ్మ కోరికలు కాదు. ఇంకో లెక్క కూడా చెప్పు వాళ్లకు. ఫ్యాక్టరీ మూసేయాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీకే వర్తించేది, ఇప్పుడు ఆ లెక్క 300కు పెంచారు. రెండొందల మందిమే అని గిరి గీసుకుని కూర్చుంటే ఎవరికి లాభం?

నీ ఒక్కడి సంగతి. అందరికన్నా ముందు లేచి మాట్లాడొద్దు. కొత్తగా పర్మినెంట్ అయినవాణ్ణి ఏదో వంకతో తీసేస్తే లేబర్ కోర్టులో గెలవొచ్చు, కానీ అక్కడ ఏళ్లు గడుస్తాయి. సర్వీసున్నవాళ్లను మాట్లాడనివ్వు, నువ్వు పక్కన కూర్చుని రాసుకో. సూపర్‌వైజర్‌తో నోరు పారేసుకోకు. షిఫ్టుకు లేటుగా పోకు. యూనియన్‌లో ఉన్నవాడి హాజరు యాజమాన్యం రెండుసార్లు చూస్తుంది. ఖాళీ కాగితం మీద ఎవరికీ సంతకం చేసివ్వకు, యూనియన్‌కైనా సరే.

ఆదివారం మీటింగుకు కాంట్రాక్టు వాళ్లలో ఒకరిద్దరిని పిలవమని అడుగు. మీ లైన్‌లో ఒడిశా కుర్రాడున్నాడన్నావు కదా, వాడికి తెలుగు రాకపోతే హిందీలో మాట్లాడండి. ఒప్పుకుంటే ఫారంలో ఆ ముక్క కొట్టేయించి సంతకం పెట్టు. ఒప్పుకోకపోయినా వెంటనే అలిగి వచ్చేయకు, సభ్యుడివై లోపలి నుంచి మళ్లీ అడుగు. డిమాండ్ల కాగితం తయారయ్యాక టైపుకు ఇచ్చే ముందు నాకు పంపు, నీ జీతం చీటీ కూడా పెట్టు. గడులు చూసి చెప్తా.

మీ మామ