విజయవాడ నుంచి పాండిచ్చేరి: ముందు సముద్రం, తర్వాతే కొండ

ఫిబ్రవరిలో ఐదు రోజుల సెలవు. గుంటూరు నుంచి ఇద్దరే కారులో సముద్రం పక్కగా పాండిచ్చేరి దాకా వెళ్లాలి. తెరచాప పడవ ఎక్కాలి, మొదటిసారి స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) చేయాలి, వచ్చేటప్పుడు తిరుమల దర్శనం చేసుకుని ఇంటికి చేరాలి. ఇద్దరికీ ఈత రాదు. ఇదంతా కుదురుతుందా అని మీరు అడిగారు.

కుదురుతుంది. కానీ మీరు రాసిన వరుసలో కాదు. నాలుగో రోజు ఉదయం స్కూబా, అదే రోజు రాత్రి కొండ మీద దర్శనం అని పెట్టుకున్నారు. రెండేళ్ల కిందట మేమూ అదే తప్పు చేయబోయాం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ పటమట. మా ఆయన వాళ్లది గుంటూరు. నాకు నీళ్లతో ఉన్న పరిచయమల్లా కృష్ణలో మునకలే. 2016 పుష్కరాల్లో ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి మూడు మునకలు వేశాను, అంతే. మా ఆయనకు ఈత కొద్దిగా వచ్చు.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై దాకా, అక్కణ్నుంచి నేరుగా వెళ్తే పాండిచ్చేరి దాదాపు 600 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి చేరొచ్చు. కానీ మీరు సముద్రం పక్కగా వెళ్లాలంటున్నారు కాబట్టి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లండి. అక్కడికి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక. ఎండ ముదరక ముందే అక్కడ కాసేపు కూర్చుని, చీరాల మీదుగా 216వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఒంగోలు దగ్గర మళ్లీ 16లో కలుస్తారు. మొదటి రాత్రి నెల్లూరులో ఆగండి. చేపల పులుసు తినకుండా ఆ ఊరు దాటకండి. రెండో రోజు ఉదయం సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోట వైపు తిరిగి కొంచెం దూరం వెళ్తే రోడ్డుకు రెండు వైపులా పులికాట్ సరస్సు కనిపిస్తుంది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. మేం వెళ్లినప్పుడు దూరంగా ఒక గులాబీ గీతలా కనిపించాయి, కారు పక్కన ఆపుకుని అరగంట అలాగే నిలబడ్డాం. చెన్నై ఊళ్లోకి మాత్రం వెళ్లకండి. ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని వండలూరు దగ్గర దిగి, కేళంబాక్కం మీదుగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కితే మహాబలిపురం దాకా హాయిగా పోవచ్చు.

ఈ దారిలో ఇంకొకటి ఉంది, ఇది నా సొంత ఇష్టం. మా తాతయ్యది చీరాల దగ్గర ఊరు. చిన్నప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలు, బియ్యం పడవలు తిరిగిన రోజుల గురించి చెప్పేవాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారట, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారట. ఆ కాలువ పెదగంజాం దగ్గర మొదలై 420 కిలోమీటర్లు సముద్రం పక్కనే సాగి, పాండిచ్చేరికి ఇవతల మరక్కాణం దాకా వెళ్తుంది. 1876–78 కరువులో పని లేని జనానికి కూలి ఇచ్చి కొంత భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. మేం పోయిన దారి దాదాపు ఆ కాలువ పక్కనే. మరక్కాణంలో రోడ్డు పక్కన ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు కనిపించగానే మా ఆయన కారు ఆపి, “ఇదేగా మీ తాతయ్య చెప్పింది” అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక అసలు విషయం. మూడో రోజు పొద్దున్నే స్కూబా అనుకున్నాం. ఆరింటికి వెళ్తే, అలలు పెద్దగా ఉన్నాయి, ఈ రోజు పడవలు వెళ్లవు అన్నారు. ఫిబ్రవరిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఉన్నంత పోటు ఉండదు. అయినా ఏ ఒక్క రోజుకూ భరోసా లేదు. మీ ప్లాన్‌లో స్కూబాకి ఒకే ఒక్క పూట ఉంది, అది చాలదు. వరుసగా రెండు ఉదయాలు ఖాళీగా ఉంచుకోండి.

ఆ రోజు పొద్దున స్విమ్మింగ్ పూల్‌లో శిక్షణ ఇచ్చారు. అంతకుముందు సాయంత్రం బీచ్ దగ్గర ఒకాయన, పూల్ అక్కర్లేదు, ఫారం అక్కర్లేదు, నేరుగా పడవ ఎక్కేయండి అన్నాడు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఉబ్బసం ఉందా, బీపీ ఉందా, చెవికి ఆపరేషన్ జరిగిందా, గర్భమా అని ముందుగా అడిగి రాయించుకునేవాళ్లతోనే దిగండి. అడిగినదానికి నిజం రాయండి. జలుబు చేసి ముక్కు దిబ్బడగా ఉంటే ఆ రోజు మానేయండి. మొదటిసారి దిగేవాళ్లకి ఈత రావాలన్న నియమం లేదు, ట్రైనర్ పక్కనే పట్టుకుని ఉంటారు. కానీ నీళ్లంటే బెదురు పోవాలి. మీకు ఇంకా టైం ఉంది కాబట్టి గుంటూరులోనే ఏదైనా పూల్‌లో నెల రోజులు దిగండి. ముఖం నీళ్లలో పెట్టి నోటితో గాలి వదలడం వస్తే చాలు, సగం భయం పోతుంది.

పూల్‌లో నాకు ఏం జరిగిందో చెప్పాలి. మాస్కులోకి కొంచెం నీళ్లు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపడం నేర్పుతారు. నీళ్లు ముక్కుకి తగలగానే నేను పుష్కరాల అలవాటుగా ఊపిరి బిగబట్టాను. పైకి లేచి నోట్లో పెట్టుకున్న గాలి గొట్టం పీకేశాను. మా ఆయన వెంటనే “నువ్వు దిగకపోతే నేనూ దిగను” అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆ మాటతో నా టెన్షన్ రెండింతలైంది. ఆయన సరదా కూడా నా వల్లే పోతుందన్న బరువు మీద పడింది. ట్రైనర్ అది గమనించి మమ్మల్ని విడదీశారు. ఆయన్ని ఇంకొకరితో అవతలి చివరకు పంపి, నాతో పావుగంట ఒకటే పని చేయించారు: మెల్లగా పీల్చు, మెల్లగా వదులు. నాలుగోసారికి వచ్చేసింది. అందుకే దంపతులుగా మీకు నేను చెప్పేది ఇది. ఒకరికి భయమేస్తే రెండోవాళ్లు దిగే అవకాశం పోదని ముందే మాట్లాడుకోండి. ట్రైనర్లు కూడా ఇద్దరికీ విడివిడిగా కావాలని అడగండి.

ఊపిరి బిగబట్టకూడదు అని అన్నిసార్లు ఎందుకు చెబుతారో నాకు తర్వాత అర్థమైంది. కృష్ణలో మునిగినప్పుడు ఒడ్డున పీల్చిన గాలే లోపల ఉంటుంది, బిగబట్టినా ఏమీ కాదు. స్కూబాలో పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి పైదానికి రెండింతలు. అక్కడ పీల్చిన గాలి పైకి వస్తుంటే రెండింతలకు ఉబ్బుతుంది. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులకే దెబ్బ. అందుకే ఎప్పుడూ పీలుస్తూ వదులుతూ ఉండాలి. సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, గట్టిగా నొక్కి నింపుతారు.

అదే రోజు సాయంత్రం సెయిలింగ్ చేశాం. ఈ వరుస అనుకోకుండా కుదిరింది గానీ, ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెబుతాను: స్కూబాకి ముందు రోజు మధ్యాహ్నం పడవ ఎక్కండి. ఎండకు నేల వేడెక్కాక మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఒడ్డు వైపు వీస్తుంది, తెరచాపకు అది కావాలి. పొద్దున్నే గాలి తక్కువగా ఉండి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, స్కూబాకి అది కావాలి. పైగా పడవ ఊగితే మీకు కడుపులో తిప్పుతుందో లేదో ముందే తెలిసిపోతుంది. మా ఆయనకు తిప్పింది. రాత్రి డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర అడిగారు, మర్నాడు ఆ సంగతి ట్రైనర్‌కి కూడా చెప్పారు.

మాది చిన్న పడవ, నడిపే అబ్బాయి, మేమిద్దరం. ఇంజిన్ శబ్దం లేదు. గాలికి ఎదురుగా నేరుగా వెళ్లడం కుదరదు కాబట్టి ఏటవాలుగా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు మళ్లిస్తూ ముందుకు తీసుకెళ్లాడు. ప్రతి మలుపులో తెరచాప అడుగున ఉండే కర్ర ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జోరుగా వస్తుంది. అతను కేకేయగానే తల వంచాలి. తర్వాత చుక్కాని నా చేతికిచ్చాడు. ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, అలవాటు కావడానికి కొంచెంసేపు పట్టింది. తాడు బిగించగానే పడవ ఒక పక్కకు ఒరిగి ఒక్కసారిగా వేగం అందుకుంది. గాలివాటం అన్న మాట ఎన్నిసార్లో విన్నాను, ఆ రోజు చేత్తో పట్టుకున్నట్టు అనిపించింది. తాతయ్య ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

నాలుగో రోజు ఉదయం సముద్రం నెమ్మదించింది. పడవ ఎక్కే ముందు ట్రైనర్ ఇక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగారు. తిరుమల, రాత్రి 8 గంటలకు దర్శనం అని మా ఆయన చెప్పారు. అలాగైతే మిమ్మల్ని దింపను అన్నారు.

కారణం ఇది. లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకు వెళ్తే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, గోళీ సోడా కొట్టగానే బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేవొచ్చు. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. స్కూబా తర్వాత విమానం ఎక్కకూడదని మాకు తెలుసు, కొండ సంగతి తట్టలేదు. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. స్కూబా చేసేవాళ్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ప్రకారం ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. ఇది 600 మీటర్లు దాటిన ఎత్తులకు వర్తిస్తుంది. మేం రెండుసార్లు దిగబోతున్నాం, పదకొండింటికి అయిపోతుంది. మర్నాడు తెల్లవారుజామున 5 దాకా కొండెక్కకూడదు.

మేం దర్శనానికి తీసుకున్న 300 రూపాయల టికెట్లకు తేదీ మార్చుకునే వీలు లేకపోయింది. పైగా అది అత్తయ్య మొక్కు. మా ఆయన అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ అంతా విని, “స్వామి ఎక్కడికీ పోడురా, ఒంటికి మంచిదేదో అదే చేసుకోండి” అన్నారు. ఆ మాటతో దిగాం.

మొదటిసారి ఆరేడు మీటర్లు, రెండోసారి పది. చెవులే అసలు పరీక్ష. రెండు మీటర్లకే చెవి బిగుసుకుంటుంది. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవక ముందే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి, కొంచెం దిగగానే మళ్లీ. నాకు ఒక చెవి తెరుచుకోలేదు. చెయ్యి అడ్డంగా ఊపి, చెవి చూపించాను. ట్రైనర్ నన్ను ఒక మీటరు పైకి తీసుకెళ్లారు, తెరుచుకుంది. ఒక సైగ మాత్రం బాగా గుర్తుంచుకోండి: బొటనవేలు పైకెత్తితే బాగుంది అని కాదు, పైకి తీసుకెళ్లు అని అర్థం.

లోపల నీళ్లు మరీ తేటగా లేవు, ఏడెనిమిది మీటర్ల దూరం కనిపించింది. చందువాల్లా వెడల్పుగా, నల్ల చారలున్న చేపలు గుంపుగా వచ్చి మా చుట్టూ తిరిగాయి. బయల్దేరే ముందు ఇంద్రకీలాద్రి మీద కట్టించుకున్న ఎర్ర దారం నా మణికట్టుకే ఉంది. పది మీటర్ల లోతున అది ఎర్రగా లేదు, మట్టి రంగులోకి మారింది. నీళ్లలో ముందుగా పోయేది ఎరుపేనట. పైకొస్తుంటే నెమ్మదిగా మళ్లీ ఎర్రబడింది. నేను చూసిన వాటన్నిటిలో నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ దారమే.

మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి తిరుపతి చేరాం. కింద ఊళ్లోనే పడుకుని, మర్నాడు ఉదయం కొండెక్కి సర్వదర్శనం వరుసలో పదకొండు గంటలు కూర్చున్నాం. ఇంటికి ఒక రోజు ఆలస్యంగా వచ్చాం, మా ఆయన ఆఫీసుకి ఇంకో రోజు సెలవు పెట్టారు.

మీరు ఇంకా టికెట్లు తీసుకోలేదన్నారు కాబట్టి ఇలా మార్చుకోండి. మొదటి రోజు నెల్లూరు, రెండో రోజు సాయంత్రానికి పాండిచ్చేరి. మూడో రోజు పొద్దున పూల్ శిక్షణ, మధ్యాహ్నం తెరచాప పడవ. నాలుగో రోజు స్కూబా. సముద్రం ఒప్పుకోకపోతే ఐదో రోజు ఉదయం. సెలవు ఆరు రోజులు అడగండి, ఆ రోజు దొరక్కపోతే ఈసారికి తిరుమల తీసేయండి, స్కూబాని మాత్రం దర్శనం రోజుకు తోయకండి. సెలవు దొరికితే ఆరో రోజు మధ్యాహ్నం స్లాటుకి టికెట్ తీసుకుని, ఐదో రోజు రాత్రి తిరుపతిలోనే, కొండ కిందే పడుకోండి.